పిలిస్తే పలకడం: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో నమ్మకం, జవాబుదారీ

“స్త్రీ” అనే మాటను ఫోన్‌లో టైపు చేసి చూడండి. మనకు కనిపించేది ఒక్క అక్షరం. ఫోన్ లోపల దాచుకునేది మాత్రం వరసగా ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి, గుడి దీర్ఘాన్ని స నెత్తిన పెట్టి, త ఒత్తునూ ర ఒత్తునూ వాటి చోట్లలో కూర్చే పని ఒక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ అన్నిట్లో ఆ పని చేసేది హర్ఫ్‌బజ్. పారసీకంలో “హర్ఫ్” అంటే అక్షరం, “బాజ్” అంటే తెరిచి ఉన్నది. ఉర్దూ తెలిసిన స్నేహితురాళ్ళకు మొదటి మాట తెలిసే ఉంటుంది. మన తెలుగుతో పాటు బయట బోర్డుల మీద రోజూ చూసే కన్నడ ఒత్తుల్ని కూడా తెర మీద కూర్చేది ఇదే.

హర్ఫ్‌బజ్‌ను డబ్బు పెట్టి కొననక్కర్లేదు. దాని లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఇలాంటి వాటినే ఓపెన్ సోర్స్ అంటారు. రేపు ఏదో ఒక ఒత్తు తప్పుగా పడితే ఎవరిని అడగాలి? అడిగితే పలికేది ఎవరు? పలికినంత మాత్రాన వాళ్ళని నమ్మవచ్చా? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసం. ఇది కంప్యూటర్ విభాగం వాళ్ళ సంగతి కదా అని అనుకోకండి. మూలప్రతి, పాఠాంతరం, ప్రక్షిప్తం అనే మాటలు తెలిసిన మనకే ఈ విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

1. కొన్ని మాటల పరిచయం

సోర్స్ కోడ్: సాఫ్ట్‌వేర్‌కు మూలపాఠం. మనుషులు రాసేదీ, మనుషులు చదవగలిగేదీ ఇదే.

బగ్: ఆ పాఠంలో దొర్లిన తప్పు.

ప్యాచ్: ఆ తప్పును దిద్దే సవరణ. ఎవరైనా రాసి పంపవచ్చు.

మెయింటెయినర్: వచ్చిన సవరణల్ని చదివి, ఏది తీసుకోవాలో ఏది వద్దో తేల్చి, కొత్త ప్రతిని విడుదల చేసే మనిషి. దీనికి మన సాహిత్యంలో దగ్గరి మాట “పరిష్కర్త”. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే వాటిని పోల్చి, లేఖక దోషాలు ఏరి, పాఠం నిర్ణయించి అచ్చుకు ఇచ్చేది పరిష్కర్త. మెయింటెయినర్ పని కూడా అలాంటిదే. ఒక్క తేడా ఉంది. పరిష్కర్త పని పుస్తకం అచ్చవడంతో చాలావరకు అయిపోతుంది, మెయింటెయినర్ పని మాత్రం ఎప్పటికీ అయిపోదు. వాడేవాళ్ళు ఉన్నంత కాలం ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

2. హామీ లేని చోట నమ్మకం

ఓపెన్ సోర్స్ లైసెన్సులు ఎక్కువ భాగం ఒక సంగతి స్పష్టంగా చెబుతాయి: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, నష్టం వస్తే మా బాధ్యత లేదు. అంటే కాగితం మీద చూస్తే వాడేవాళ్ళకు మెయింటెయినర్ ఏమీ బాకీ లేరు. అయినా ప్రపంచంలో బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వాలు ఈ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. కాగితం మీద లేని హామీ ఎక్కడ ఉంది? మనుషుల అలవాట్లలో ఉంది. ఫలానా ఆయన పదేళ్ళుగా తప్పు చెబితే దిద్దుతున్నాడు, ప్రమాదం వస్తే ముందే హెచ్చరిస్తున్నాడు అన్న అనుభవంలో ఉంది.

ఆ అనుభవం ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో 2014లో తెలిసింది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనేది ఇంటర్నెట్‌లో మనం పంపే పాస్‌వర్డులు, కార్డు నంబర్లు దారిలో ఇంకెవరూ చదవకుండా కాపాడే సాఫ్ట్‌వేర్. 2012లో విడుదలైన ప్రతిలో ఒక తప్పు దొర్లింది. రెండేళ్ళ పాటు ఎవరూ దాన్ని పట్టుకోలేదు. 2014 ఏప్రిల్‌లో “హార్ట్‌బ్లీడ్” అనే పేరుతో అది బయటపడ్డాక అందరూ ఓపెన్ ఎస్ఎస్ఎల్ వెనక ఎవరున్నారని వెతికారు. పూర్తికాలం దాని మీద పనిచేసేది ఒక్కరు. ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ప్రపంచమంతా ఆనుకున్న గోడను ఒక మనిషి భుజం పెట్టి ఆపుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల చేత డబ్బు వేయించి ఇలాంటి పనులకు సాయం చెయ్యడం మొదలుపెట్టింది.

అక్కడ జరిగింది పొరపాటు. ఇప్పుడు చెప్పబోయేది పొరపాటు కాదు.

3. ఎక్స్‌జెడ్ కథ

ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనేది పెద్ద ఫైళ్ళను కుదించి చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్. లినక్స్‌తో నడిచే కంప్యూటర్లలో దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాసె కొలిన్ దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చారు.

2021 చివర్లో “జియా టాన్” అనే పేరుతో ఒకరు చిన్న చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. అవి పనికొచ్చే సవరణలే. 2022లో అంతకుముందు ఎవరూ ఎరగని కొన్ని పేర్లతో ఫిర్యాదులు వచ్చాయి. సవరణలు పంపి ఇన్నాళ్ళయినా చేర్చలేదేం? మీకు ఆసక్తి పోయిందా? పోతే ఇంకొకరికి అప్పగించవచ్చు కదా? ఇవీ ఆ ఉత్తరాల సారాంశం. ఆ ఏడాది జూన్‌లో కొలిన్ జవాబు రాశారు. ఆసక్తి పోలేదనీ, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వంటి కారణాల వల్ల చెయ్యగలిగింది తగ్గిందనీ, ఇది జీతం లేని సరదా పని అన్న సంగతి గుర్తుంచుకోవాలనీ అందులో ఉంది. జియా టాన్ ముందు ముందు పెద్ద బాధ్యత తీసుకోవచ్చనీ అన్నారు.

అలాగే జరిగింది. క్రమంగా కొత్త సవరణల్ని చేర్చే అధికారం జియా టాన్‌కు దక్కింది. 2023లో విడుదలలు కూడా ఆ పేరుతో రాసాగాయి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి హెచ్చరికలు పంపే గూగుల్ సేవ ఒకటుంది, దాని పేరు ఓఎస్ఎస్-ఫజ్. ఎక్స్‌జెడ్‌కు సంబంధించిన హెచ్చరికలు వెళ్ళే చిరునామా కూడా జియా టాన్‌దయింది. అంటే ఇంటి తాళంతో పాటు తలుపు తడితే పలికే బాధ్యత కూడా చేతులు మారింది.

2024 ఫిబ్రవరి 24న 5.6.0 ప్రతి, మార్చి 9న 5.6.1 ప్రతి విడుదలయ్యాయి. రెంటిలోనూ ఒక దొంగ దారి దాగి ఉంది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి తాళంతో ప్రవేశించడానికి అందరూ వాడే ఎస్ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా సంబంధం లేదు. కానీ కొన్ని లినక్స్ పంపిణీల్లో మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ ద్వారా రెండూ ముడిపడతాయి. ఆ ముడి గుండా ఎస్ఎస్‌హెచ్‌లోకి చొరబడి, ఒక ప్రత్యేకమైన రహస్య తాళం ఉన్నవాళ్ళకు కంప్యూటర్ మొత్తం అప్పగించే ఏర్పాటు అది.

దాచిన పద్ధతి చూస్తే మన విభాగం వాళ్ళకు ఆశ్చర్యం వేస్తుంది. అందరూ చదివే మూలపాఠంలో ఆ దొంగ దారిని తెరిచే వాక్యాలు లేవు. విడుదల కోసం మూట కట్టిన ప్రతిలో మాత్రమే ఒక ఫైల్‌లో అవి చేరాయి. అసలు సరుకేమో పరీక్షల కోసం పెట్టుకున్న ఫైళ్ళలో, మనిషి చదవలేని రూపంలో ఉంది. కుదింపు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి కావాలనే పాడుచేసిన ఫైళ్ళు ఉంచుకోవడం మామూలే కాబట్టి వాటిని ఎవరూ శంకించలేదు. వ్రాతప్రతిలో లేనిది అచ్చుప్రతిలో కనిపిస్తే దాన్ని మనం ప్రక్షిప్తం అంటాం. ఇది అచ్చంగా ప్రక్షిప్తమే. రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన వాళ్ళు లేకపోయారు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరు, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే మనిషి. తన పరీక్షలేవో చేసుకుంటుంటే ఎస్ఎస్‌హెచ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పని చేస్తున్నట్టు కనిపించింది. లోపలికి వెళ్ళడానికి 0.3 సెకను పట్టాల్సిన చోట 0.8 సెకను పడుతోంది. అర సెకను తేడా. ఎందుకని తవ్వుకుంటూ వెళ్ళి ఎక్స్‌జెడ్ దగ్గర తేలారు. 2024 మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి ఆ ప్రతి డెబియన్, ఫెడోరా, ఓపెన్ సూసెల ప్రయోగ దశలోని పంపిణీల్లోకి వెళ్ళింది. ఎక్కువమంది వాడే స్థిరమైన వాటిలోకి ఇంకా వెళ్ళలేదు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే వెళ్ళేదే. జియా టాన్ పేరు వెనక ఉన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. లాసె కొలిన్ తిరిగి పగ్గాలు చేతికి తీసుకుని, చెడు భాగాలు తీసేసి, మే నెలాఖరున 5.6.2 విడుదల చేశారు.

నమ్మించి గొంతు కోయడం అన్న జాతీయానికి ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకడం కష్టం. గొంతు కోయడానికి కొన్ని క్షణాలు చాలు. నమ్మించడానికి మాత్రం రెండేళ్ళు ఓపిక పట్టారు.

4. పలకడం ఒకటి, జవాబుదారీ మరొకటి

తెలుగులో “పలుకు” అన్న క్రియకు రెండు పనులున్నాయి. ఒకటి మాట్లాడడం. రెండోది పిలుపుకు బదులివ్వడం. “పిలిస్తే పలికే దేవుడు” అని మనవాళ్ళు భక్తితో అనేది ఈ రెండో అర్థంలోనే. మెయింటెయినర్ల గురించి కూడా మనం ఇదే కోరుకుంటాం. వెంటనే పలికితే మంచివాళ్ళు, పలకకపోతే బాధ్యత లేనివాళ్ళు అని తీర్పు ఇచ్చేస్తాం.

ఎక్స్‌జెడ్ కథలో వెంటనే పలికింది ఎవరు? జియా టాన్. 5.6.0 ప్రతిలో ఏదో లోపం కనిపిస్తోందని ఫెడోరా వాళ్ళు చెబితే, దాన్ని సరిచెయ్యడానికి వాళ్ళతో కలిసి పనిచేసింది కూడా ఆ జియా టానే. ఆ లోపం దొంగ దారి వల్లనే వచ్చిందని వాళ్ళకు అప్పుడు తెలియదు. ఆలస్యంగా పలికింది, నావల్ల ఇంతే అవుతుందని చెప్పుకున్నది లాసె కొలిన్. వేగాన్ని బట్టి తూకం వేస్తే దొంగే గెలుస్తాడు.

పైగా ఆ వేగాన్ని కోరే గొంతులే ఇక్కడ ఆయుధమయ్యాయి. “ఎందుకు పలకవు?” అని పదే పదే నిలదీయడం వల్ల అలసిపోయిన మనిషి సాయం చేస్తానన్న మొదటి చేతిని పట్టుకున్నాడు. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఓపిక లేని పాత మెయింటెయినర్ అడిగిన కొత్త మనిషికి అప్పగించారు. ఆ కొత్త మనిషి బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్ చేర్చారు. రెండు చోట్లా దొంగ వచ్చింది గోడ పగలగొట్టుకుని కాదు, ఇంటివాళ్ళ అలసట చూసి సాయానికొచ్చిన చుట్టంలా తలుపు తట్టి.

కాబట్టి మనం చూడాల్సింది జవాబుదారీ. జవాబుదారీ ఉన్న మనిషి తాను చేసిన పని అందరి ముందు పెడతాడు. ఎందుకు చేశాడో అడిగితే చెబుతాడు. తప్పయితే తప్పని దిద్దుతాడు. చెయ్యలేకపోతే ఆ సంగతి కూడా చెబుతాడు. “ఈ ఆరు నెలలూ నాకు వీలుపడదు” అన్నది కూడా నిజాయితీ గల జవాబే. వాడేవాళ్ళకు అది చాలా పనికొచ్చే సమాచారం కూడా. తెలిస్తే వేరే ఏర్పాటు చూసుకుంటారు కదా.

5. నమ్మకాన్ని ఒక మనిషి మీద పెట్టని పద్ధతులు

మంచి మెయింటెయినర్ దొరకడం అదృష్టం. అదృష్టం మీదే ఆధారపడకుండా కొన్ని సమూహాలు చేసుకున్న ఏర్పాట్లు చూద్దాం.

మొదటిది, స్థితిని దాచకుండా చెప్పడం. లినక్స్ కెర్నల్‌లో “మెయింటెయినర్స్” అనే ఒక ఫైల్ ఉంది. ఏ భాగానికి ఎవరు బాధ్యులో అందులో రాసి ఉంటుంది. పేరు పక్కనే ఆ భాగం స్థితి కూడా ఉంటుంది. జీతం తీసుకుని చూసుకునేవాళ్ళు ఉన్నారా, ఎవరో ఒకరు శ్రద్ధగా చూస్తున్నారా, తీరినప్పుడు మాత్రం అడపాదడపా దిద్దుతున్నారా, అనాథగా ఉందా, కాలం చెల్లిందా అని అయిదు రకాలుగా గుర్తు పెడతారు. పిలవక ముందే ఏ తలుపు వెనక మనిషి ఉన్నారో తెలుస్తుంది.

రెండోది, అప్పగింతకు ఒక మర్యాద. 1993లో మొదలైన డెబియన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఇక చూసుకోలేనని మెయింటెయినర్ ప్రకటిస్తే దాన్ని “అనాథ” అనీ, ఇంకొకరు తీసుకుంటే “దత్తత” అనీ ఇంగ్లీషులో ఆ అర్థం వచ్చే మాటలతోనే పిలుస్తారు. యంత్రాల లోకంలో ఈ కుటుంబపు మాటలు వాడడం బాగుంది కదా. దత్తత బహిరంగంగా జరుగుతుంది. ఎవరు వదిలారో, ఎవరు తీసుకున్నారో అందరికీ కనిపిస్తుంది. మెయింటెయినర్ పలకకపోతే అత్యవసరమైన సవరణను ఇంకో డెబియన్ సభ్యులు చెయ్యడానికి కూడా నియమాలున్నాయి.

మూడోది, ముఖపరిచయం. డెబియన్‌లో పూర్తి సభ్యత్వం కావాలంటే అప్పటికే సభ్యులైన వాళ్ళు మన డిజిటల్ సంతకం మనదేనని ధ్రువపరచాలి. అందుకోసం ముఖాముఖి కలిసి, గుర్తింపు కార్డు చూసి సంతకం చెయ్యడం అక్కడ పాత అలవాటు. ఇది మోసాన్ని పూర్తిగా ఆపదు. కానీ ఊరూ పేరూ లేని మనిషికి తాళాలు అప్పగించడం కన్నా నయం.

నాలుగోది, ప్రతులు పోల్చడం. ఒకే మూలపాఠం నుంచి ఎవరు తయారు చేసినా అక్షరం తేడా లేకుండా ఒకే ప్రతి రావాలన్నది ఈ పద్ధతి లక్ష్యం. డెబియన్ వాళ్ళు చాలా ఏళ్ళుగా దీని మీద పనిచేస్తున్నారు. ప్రతి ఒక్కదాన్నీ ఇద్దరు ముగ్గురు వేరువేరుగా తయారు చేసి పోల్చుకుంటే తయారీ దశలో దూర్చినది బయటపడుతుంది. ఎక్స్‌జెడ్‌లో జరిగినట్టు విడుదల మూటలోనే తేడా ఉంటే, ఆ మూటను మూలపాఠంతో కూడా పోల్చాలి. పాఠపరిష్కరణ శాస్త్రం చెప్పేదీ ఇదే.

ఈ నాలుగింటికీ మనుషులు కావాలి. ఒంటరి మనిషి ఉన్న చోట పోల్చేదెవరు, రెండో సంతకం పెట్టేదెవరు?

6. వాడేవాళ్ళ వంతు

అడగందే అమ్మయినా పెట్టదంటారు, కాబట్టి తప్పు కనిపిస్తే చెప్పాల్సిందే. ఫోన్‌లోనో లిబ్రే ఆఫీస్‌లోనో తెలుగు ఒత్తు తప్పుగా పడితే విసుక్కుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. తెలుగు రాని మెయింటెయినర్‌కు ఆ తప్పు కనిపించదు. అది కనిపించే కళ్ళు మనవే. చెప్పే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి.

అ) అదే ఫిర్యాదు ముందే ఎవరైనా చేశారేమో చూడాలి. ఉంటే మన ఉదాహరణ దానికే జోడించాలి.

ఆ) ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నో ప్రతి, ఏ ఫాంట్, ఏ మాట టైపు చేస్తే తప్పు వచ్చిందో రాయాలి. “తెలుగు సరిగా రావడం లేదు” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఇ) ఎలా రావాలో, ఎలా వస్తోందో రెండూ బొమ్మతో చూపాలి.

ఈ) జవాబు ఆలస్యమైతే ఒకసారి మర్యాదగా గుర్తు చెయ్యవచ్చు. రోజూ తలుపు బాదకూడదు.

ఉ) దిద్దిన తర్వాత పరీక్షించి, సరిపోయిందో లేదో తిరిగి చెప్పాలి. చాలామంది ఇక్కడే మాయమవుతారు. పిలిచి వెళ్ళిపోయే వాళ్ళకు పలకడం ఎవరికైనా విసుగే.

కోడ్ రాయడం రానివాళ్ళకు కూడా ఇందులో పని ఉంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్‌లకు తెలుగు అనువాదాలు ఉన్నాయి, వాటిని సరిచూసే వాళ్ళు ఎప్పుడూ కావాలి. వచ్చిన ఫిర్యాదుల్ని చదివి ఒకేలాంటివి ఒక చోట చేర్చడం కూడా పెద్ద సాయం. ఇలాంటి చిన్న పనుల్లో నాలుగేళ్ళు అందరికీ తెలిసేలా నిలబడిన నలుగురు మనుషులు ఎక్స్‌జెడ్ దగ్గర ఉండి ఉంటే, జియా టాన్ పంపిన ప్రతి సవరణనూ ఇంకో జత కళ్ళు చదివేవి, లాసె కొలిన్‌కు ఊపిరి తీసుకునే వీలు దొరికేది.

చర్చించడానికి ప్రశ్నలు

1. “మెయింటెయినర్”కు తెలుగులో పరిష్కర్త, సంరక్షకురాలు, బాధ్యులు, పోషకులు అనే మాటల్లో ఏది సరిపోతుంది? ఎందుకు?

2. నమ్మకం, విశ్వాసం, భరోసా, హామీ – ఈ నాలుగు మాటల అర్థాల్లో తేడా ఏమిటి? ఎక్స్‌జెడ్ కథలో పోయింది వీటిలో ఏది?

3. జీతం లేని పని చేసే మనిషిని ఎంతవరకు నిలదీయవచ్చు? ఆ పని మీద లాభం పొందే కంపెనీలను ఎంతవరకు నిలదీయవచ్చు?

4. మన గోడపత్రికకు మెయింటెయినర్ ఎవరు? ఆమె చివరి సంవత్సరం ముగించి వెళ్ళేటప్పుడు తాళం ఎవరికి, ఎలా ఇవ్వాలి?